మాటలొద్దు, మోగించండి

"నీకు చెవుడా, పొగరా?"

రోడ్ల శాఖ ఆఫీసరుగారు మేస్త్రిని నలుగురిలో నిలబెట్టి అడిగిన ప్రశ్న ఇది. మేస్త్రి చేతులు గుడ్డకి తుడుచుకుంటూ కాసేపు ఆలోచించి, "రెండూ కొంచెం కొంచెం ఉన్నాయి సార్. ఇంతకీ జీపు ఎలా మోగుతోంది?" అన్నాడు.

ఆఫీసరుగారి కోపానికి కారణం లేకపోలేదు. పాత ఫోర్‌వీల్ ట్రక్కులూ జీపులూ బాగుచేసే ఆ షెడ్డులో, బండికి వచ్చిన జబ్బేమిటో మాటల్లో చెప్పడం నిషిద్ధం. బండి చేసే చప్పుడును యజమాని స్వయంగా, సొంత నోటితో, మేస్త్రి ఎదుట నిలబడి చేసి చూపించాలి. "ఏదో శబ్దం వస్తోందండీ" అంటే కుదరదు. "కాస్త తేడాగా ఉందండీ" అంటే అసలే కుదరదు. మేస్త్రి నూనె మరకల వేలు పైకెత్తి, "మాటలొద్దు. మోగించండి" అంటాడు. మోగించినవాడి బండి జాకీ మీదికి లేస్తుంది. మోగించనివాడి బండి ఎండలో మాడుతుంది.

ఈ వైభోగం చూసి లోలోపల కుమిలిపోయినవాడు మేస్త్రి బామ్మర్ది. షెడ్డును ఆనుకునే అతని విడిభాగాల కొట్టు. మాటల్లో చెప్పే మనిషి అతనికి బంగారం. అలాంటివాడికి ఏం పాడైందో తెలియదు గనక నాలుగు సామాన్లు కొంటాడు. మోగించినవాడి సంగతి వేరు. మేస్త్రి కళ్లు మూసుకుని విని, "కుడివైపు ముందు చక్రం బేరింగు. ఒక్కటే" అని తేల్చేస్తాడు. ఆ "ఒక్కటే" అన్న మాట బామ్మర్ది గుండెల్లో గునపంలా దిగేది.

బ్యాంకు మేనేజరుగారు వచ్చిన రోజు షెడ్డు చరిత్రలో చెప్పుకోదగ్గది. ఆయన అటూ ఇటూ చూసి, తెలిసినవాళ్లెవరూ లేరని రూఢి చేసుకుని, గొంతు సవరించుకుని, "గర్‌ర్‌" అన్నారు.

"గరగరా, బరబరా?" అన్నాడు మేస్త్రి.

"గరగరే అనుకుంటానయ్యా."

"అనుకోవద్దు సార్. గరగర అయితే బేరింగు, బరబర అయితే సైలెన్సరు. జేబుకి చాలా తేడా. మళ్లీ మోగించండి."

మేనేజరుగారు ఈసారి మనసు పెట్టి మోగించారు. వెనక టైర్ల చాటున కూర్చున్న ఇద్దరు ఖాతాదారులు చప్పట్లు కొట్టారు.

సంగీతం టీచరుగారు తన జీపు మూలుగును చక్కగా శ్రుతి చేసి ఆలపించారు. మేస్త్రి తల అడ్డంగా ఊపి, "బండి ఇంత బాగా పాడుతుంటే నా దగ్గరికెందుకు తెచ్చారమ్మా? గమకాలు తీసేసి మళ్లీ చెయ్యండి" అన్నాడు. ఇంట్లో మిక్సీ తిరగడం లేదని భార్య చెబితే, "ఎలా మోగింది?" అని అడిగాడట. "నేను మోగించడం మొదలుపెడితే నువ్వు తట్టుకోలేవు" అందావిడ. కేవలం మాటల మీద మేస్త్రి బాగుచేసిన యంత్రం లోకంలో ఆ మిక్సీ ఒక్కటే.

ఈ విద్యలో అందరినీ తలదన్నినవాడు తేనెపెట్టెల మనిషి. అతనికి అరవై తేనెటీగల పెట్టెలు, వాటిని మోయడానికి వాటికంటే ఎక్కువ రొద చేసే ముసలి ట్రక్కు ఉన్నాయి. కొండ మీద పూత ఏటా పన్నెండు రోజులే. ఆ పన్నెండు రోజుల తేనెతోనే ఇంటిల్లిపాదికీ ఏడాది గడవాలి. షెడ్డుకి వస్తే అతను తల ఊపి, నేరుగా మోగించేవాడు. ఎత్తెక్కేటప్పుడు గేరు మూలిగే మూలుగు, ఇంజను ఆపాక వేడి ఇనుము చేసే చిటచిట, అన్నీ అచ్చంగా దింపేసేవాడు. పని కాగానే మళ్లీ తల ఊపి వెళ్లిపోయేవాడు. "పొగరుబోతు. పలకరిస్తే పలకడు" అని బామ్మర్ది అతని మీద తీర్పు రాసిపెట్టుకున్నాడు.

ఇలా ఉండగా మేస్త్రికి పన్ను సలిపింది. బుధవారం దాన్ని పీకించుకుని, బుగ్గ బూరెలా ఉబ్బగా ఇంట్లో పడుకున్నాడు. రెండు రోజుల పాటు షెడ్డు బామ్మర్ది చేతికి వచ్చింది. అతను చేసిన మొదటి పని, అట్టముక్క మీద "ఇచ్చట మాటల్లో చెప్పవచ్చును" అని రాసి గుమ్మానికి వేలాడదియ్యడం.

గేట్లెత్తినట్టు మాటలు వచ్చిపడ్డాయి. ఆఫీసరుగారు స్టూలు లాక్కుని కూర్చుని తన జీపు జీవితచరిత్ర మొదలుపెట్టారు. మధ్యాహ్నానికి అందులో ఇంకా మొదటి టైరు కూడా మార్చలేదు. కొట్లో సామాను మాత్రం జోరుగా కదిలింది.

గురువారం తేనెపెట్టెల మనిషి వచ్చాడు. అట్టముక్క చదివి ఒక అడుగు వెనక్కి వేశాడు. తరవాత ధైర్యం చేసి, "గరగర..." అని మొదలుపెట్టాడు.

"అక్కర్లేదన్నా" అన్నాడు బామ్మర్ది. "ఇవాళ మనుషుల్లా మాట్లాడుకుందాం. ఏం మార్చాలి?"

"చ... చ... చ..."

"చక్రమా?" అందించారు ఆఫీసరుగారు.

అతను తల అడ్డంగా ఊపాడు. "చ... చ..."

"చట్రమా?"

"చందమామేమో చూడండి సార్" అన్నాడు వరసలో ఒకడు. అందరూ నవ్వారు.

"చమురా?" అన్నాడు బామ్మర్ది. "చమురు కారుతోందా అన్నా?"

తేనెపెట్టెల మనిషి ఒకసారి గుమ్మం వైపు, ఒకసారి నేల వైపు చూసి, అవునని తల ఊపేశాడు. ఎలాగైనా అక్కణ్ణుంచి బయటపడాలి, అంతే. బామ్మర్ది అది గమనించలేదు. అతను చమురు కారకుండా అడ్డుకునే ఆయిలు సీళ్ల కిట్టు ధర చూసుకుంటున్నాడు. సాయంత్రానికి పనివాళ్లు సీళ్లన్నీ మార్చేశారు. తేనెపెట్టెల మనిషి డబ్బు లెక్కపెట్టి ఇచ్చి వెళ్లాడు.

శుక్రవారం పొద్దున్న అతను ఖాళీ పెట్టెలు వేసుకుని కొండ ఎక్కబోయాడు. రెండో మలుపులో ట్రక్కు కింద తుపాకి పేలినట్టు చప్పుడై, చక్రాలకి పట్టు పోయింది. బండి వెనక్కి జారి రాతికి ఆనుకుని ఆగింది. ట్రాక్టరుకి తాడు కట్టి షెడ్డుకి ఈడ్చుకొచ్చారు. పూత అప్పటికే విచ్చుకుంది. ఆదివారం సాయంత్రంలోగా పెట్టెలు పైకి చేరకపోతే ఆ చోటు ఇంకొకరికి ఇచ్చేస్తామని కొండ మీది పొలంవాళ్లు కబురు పెట్టారు.

కబురు విని మేస్త్రి ఉబ్బిన బుగ్గతోనే వచ్చాడు. అట్టముక్క చదివాడు. దాన్ని తీసి మడిచి జేబులో పెట్టుకుని, తేనెపెట్టెల మనిషి వైపు వేలెత్తాడు.

"గరగరగరగర... టక్. గరగర... టకటక్" అని మోగించాడు అతను, ఎక్కడా తడబడకుండా.

మేస్త్రి బామ్మర్ది వైపు తిరిగాడు. "హైను" అన్నాడు.

"ఏంటి బావా?"

"హైను. హై... ను."

"హైనా? సీళ్లా? చమురా?"

మేస్త్రి ఉబ్బిన బుగ్గని చేత్తో పట్టుకున్నాడు. తరవాత కొట్లోకి నడిచి, నిన్న కిట్టు తీసిన కొక్కేనికి సరిగ్గా పైనున్న కొక్కేనికి వేలాడుతున్న చైను తీసి అతని చేతిలో పెట్టాడు.

శనివారం పొద్దున్న ట్రక్కు కిందనుంచి ట్రాన్స్‌ఫర్ కేసు దించారు. ఇంజను బలాన్ని ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ పంచే ఇనుప పెట్టె అది. బోల్టులు విప్పి రెండు చెక్కలుగా విడదీస్తే లోపల పాత చైను అరిగి, సాగి, వదులు చొక్కాలా వేలాడుతోంది. అది రాసుకుని రాసుకుని పెట్టె గోడ మీద మెరిసే గాడి పడింది. అడుగున అయస్కాంతానికి ఇనుపరజను గడ్డంలా మొలిచింది. గేరును పక్కకి జరిపే ఫోర్కు గోరంత పలచనైపోయింది. సీళ్లు మాత్రం కొత్తవి, నిగనిగలాడుతున్నాయి. మేస్త్రి చెత్తడబ్బాలోంచి పాత సీళ్లు ఏరి బామ్మర్ది ముక్కు కింద పెట్టాడు. ఒక్కదానికీ పగులు లేదు. బామ్మర్ది కిరసనాయిలు తొట్టి ముందు కూర్చుని గేర్లు కడగడం మొదలుపెట్టాడు.

మధ్యాహ్నం మేస్త్రికి పాలు తెచ్చిన అక్కని అతను పక్కకి పిలిచాడు.

"అక్కా, ఆ తేనెపెట్టెలాయనకి నత్తి అని బావకి తెలుసా?"

"తెలియకేం? నాలుగేళ్ల కిందట మొదటిసారి వచ్చినప్పుడు మాట పెగలకపోతే, షెడ్డులో ఉన్నవాళ్లంతా తలా ఒక మాట అందించి నవ్వారట. బండి అక్కడే వదిలేసి నడిచి వెళ్లిపోయాడు. మీ బావ వెనకాలే వెళ్లి, పోనీ బండి ఎలా మోగుతోందో చేసి చూపించు తమ్ముడూ అన్నాడు. మర్నాటినుంచి ఈ గోల."

"మరి ఆయన ఒక్కడికే పెట్టొచ్చుగా ఈ రూలు? బ్యాంకు మేనేజరు చేత మోగించడమెందుకు?"

"ఒక్కడే మోగిస్తే మళ్లీ అందరూ ఆయన్నే చూస్తారు కదరా."

బామ్మర్ది చేతిలో గేరు తుడిచి పక్కన పెట్టాడు. తరవాత కేసు దగ్గరికి వెళ్లి, "ఆయన కోసమేనా బావా ఇదంతా?" అని మెల్లిగా అడిగాడు.

అప్పటికి మేస్త్రి నోరు కాస్త తిరుగుతోంది. "ఎవరి కోసం? మాటలు వింటే నాకు తలనొప్పి. ఆ బేరింగు ఇటివ్వు, సొల్లు ఆపు" అన్నాడు.

కొత్త చైను, కొత్త బేరింగులు, కొత్త ఫోర్కు వేసి, రెండు చెక్కలూ మూసి, కొత్త నూనె పోసేసరికి పొద్దు వాలింది. ఆదివారం పొద్దున్నే తేనెపెట్టెల మనిషి ఈగలతో సహా బయల్దేరాడు. సాయంత్రం కొట్లో ఫోను మోగింది. బామ్మర్ది ఎత్తాడు. అవతల మాటలు లేవు. "గుంయ్‌య్‌..." అని ఒక సాఫీ రొద వినిపించింది. అది ట్రక్కో, తేనెటీగలో, మనిషో తేల్చుకోలేక అతను ఫోను బావ చెవికి ఆనించాడు.

మేస్త్రి కళ్లు మూసుకుని విన్నాడు. "లో గేరు. మెత్తగా ఎక్కింది. పెట్టెలు దించేశాడు" అని ఫోను తిరిగి ఇచ్చాడు.

"బావా, ఆ కిట్టు డబ్బు ఆయనకి వాపసు ఇచ్చేద్దామనుకుంటున్నాను" అన్నాడు బామ్మర్ది.

"మాటలొద్దు. గల్లాపెట్టె మోగించు."

బామ్మర్ది నోటితో మోగించాడు. సొరుగు కిర్రుమనడం, చిల్లర గలగలలాడడం, అన్నీ అచ్చుగుద్దినట్టు వచ్చాయి. మేస్త్రి మెచ్చుకున్నాడు కూడా. ఇది జరిగి రెండు పూతలు అయింది. తేనెపెట్టెల మనిషికి రావలసిన పదహారు వందల ఎనభై ఇంకా బాకీయే.