కోతిని మోసిన భుజం

ఆయన అడవి నుంచి తిరిగి వచ్చిన రోజు నేను మొదట అడిగింది తువ్వాల గురించి. పత్తర్‌గట్టిలో దుకాణం దుకాణం తిరిగి, దుకాణదారుతో నోరు నొప్పి పుట్టేదాకా బేరమాడి కొన్న ఎర్రంచు తువ్వాల అది. సంచీలో మాసిన బట్టలన్నీ ఉన్నాయి, అదొక్కటే లేదు. కొత్తది ఇస్తే అడవిలో పారేసి రావడమేనా అని గదిమాను. ఆయన నవ్వి, ముందు అన్నం పెట్టమన్నాడు.

మా ఆయన దబీర్‌పురా స్టేషన్ వెనక ఒక కట్టెకోత మిల్లులో పనిచేసేవాడు. దుంగ మీద తట్టి చూసి లోపల తొర్ర ఉందో లేదో చెప్పగలడని, ఏటా ఎండలు ముదరకముందే మిల్లు సేఠు ఆయన్ను షిమోగా వైపు అడవులకు వెంట తీసుకుపోయేవాడు. నేను చెప్పేది ఎనభైల మొదట్లో అట్లా పోయి వచ్చినప్పటి సంగతి.

తువ్వాల కథ అన్నం తింటూ చెప్పాడు. రేపు తిరిగి బయలుదేరతారనగా దుంగలు చూడబోతే దారిలో ఒక కోతి చచ్చిపడి ఉందట. వెంట ఉన్నవాళ్ళు దాన్ని దాటుకుని పోయారు. ఈయన మంగళవారం ఒక్కపొద్దు తప్పని మనిషి, ఆంజనేయుణ్ణి దాటుకుని పోతాడా? మా బస్తీలో కరెంటు తీగ తగిలి కోతి చచ్చిపోతే మనిషికి చేసినట్టే చేసి, డప్పులతో సాగనంపాం. అడవిలో డప్పులెక్కడివి? కొత్త తువ్వాల చుట్టి, భుజాన వేసుకుని, వాగు ఒడ్డుదాకా మోసి, గుంత తవ్వి పూడ్చాడు. కుంకుమ లేక నుదుట కాస్త ఎర్రమన్ను పెట్టాడట. మా అత్త అది విని కళ్ళకు చేతులద్దుకుంది. ఇక నేనేం అంటాను, ఇంకొంచెం అన్నం వడ్డించాను.

ఆ వారం తిరగకముందే జ్వరం పట్టుకుంది. తల పగిలిపోతోందని గోడకు ఆనించుకునేవాడు. కళ్ళు చింతనిప్పుల్లా ఎర్రబడ్డాయి, ఒళ్ళంతా నొప్పులు. గల్లీ డాక్టరు ముందు మలేరియా అన్నాడు, తర్వాత టైఫాయిడ్ అన్నాడు. ఆ డాక్టరు దగ్గరి కాంపౌండరు నొప్పులకు గోలీలు పొట్లం కట్టి ఇచ్చాడు. ఒక పొద్దున లేచేసరికి దిండు మీద రక్తం. చిగుళ్ళ నుంచి కారుతోంది. మిల్లు ఉస్తాద్ రిక్షా తెస్తే పెద్ద దవాఖానకు తీసుకుపోయాం.

అక్కడి డాక్టరు ఏం పని చేస్తాడని అడిగితే కట్టెకోత అన్నాం. అడవి మాటే మా నోట రాలేదు. ఏటా పోయి వచ్చేదే కదా, అదొక ప్రయాణమని మాకు తోచలేదు. డాక్టరు మా ఆయన నాడి చూస్తుంటే అత్త ఏడుస్తూ కాళ్ళ మీద పడబోయింది.

"సారూ, నా కొడుకు సచ్చిన కోతిని భుజం మీద మోసి మట్టి జేసిండు. గంత పుణ్యం జేసినోన్ని సామి తీస్కపోతడా?"

డాక్టరు నాడి వదిలేశాడు. ఏ కోతి, ఏ అడవి అని గబగబా అడిగాడు. అక్కడ ఇంకా కోతులు చచ్చాయా అంటే, మంచం మీది నుంచి ఆయనే చెయ్యి ఊపి, మస్తు సచ్చినయి అన్నాడు. డాక్టరు చంక కింద వెతికి నల్లటి పొక్కు ఒకటి చూపించాడు. గొడ్ల చెవుల్లో పట్టుకుని ఉంటాయే గోమార్లు, అట్లాంటిది కుట్టిన మచ్చ ఇది అన్నాడు. ఆ అడవుల్లో కోతులకు ఒక జ్వరం వస్తుంది, అవి చచ్చిపోతే గోమార్లు వాటిని వదిలి మనిషిని పడతాయి, వాటితోపాటే జ్వరమూ వస్తుంది అని చెప్పాడు.

ముందు ఆ గోలీలు ఆపించాడు, వాటితో రక్తం ఇంకా కారుతుందట. ఈ జ్వరానికి మందు లేదు, సెలైను, రక్తం ఎక్కించి కనిపెట్టుకుని ఉండటమే అన్నాడు. రక్తం తీసి మంచులో పెట్టి పరీక్షకు పూణేకు పంపించాడు. తగ్గినట్టే తగ్గి మళ్ళీ రావచ్చు, అప్పుడు తలకెక్కితే కష్టమని నాతో దాచకుండా చెప్పాడు. మనిషిని ముట్టుకుంటే మాత్రం రాదన్నాడు.

అత్త అంతా విన్నది. "మంచి జేస్తే గిట్లయితదా సారూ?" అని అడిగింది. నాకైతే ఆ కోతి మీద, ఆ దేవుడి మీద, దారిన పోయేది నెత్తికెత్తుకున్న ఈ మనిషి మీద కూడా ఒళ్ళు మండిపోయింది.

జ్వరం తగ్గింది. పచ్చిపులుసు కావాలన్నాడు. ఈసారి రెండు తువ్వాలలు కొనిస్తా, ఒకటి నీకు, ఒకటి కోతికి అంటే చిగుళ్ళు కనబడేలా నవ్వాడు. రక్తం లేదు. ఇంటికి తెచ్చుకుందామని ఆశపడ్డాను. కానీ డాక్టరు అన్నట్టే జ్వరం మళ్ళీ వచ్చింది. మెడ బిగుసుకుంది, చేతులు వణికాయి, నన్ను గుర్తుపట్టలేదు. అట్లాగే పోయాడు. అదే జ్వరమని పూణే నుంచి జవాబు వచ్చేసరికి ఆ జవాబుతో ఎవరికీ పని లేకుండా పోయింది.

శవం ఇంటికి చేరకముందే కోతి జ్వరమన్న మాట గల్లీకి చేరింది. తలుపులు మూసుకున్నారు. ముట్టుకుంటే రాదని నేను గడప గడపకూ పోయి చెప్పాను. ఒకావిడ కిటికీలో నుంచే, చేసుకున్నవాళ్ళకు చేసుకున్నంత అన్నది. ఏం చేసుకున్నాడు ఆయన? పాడె కట్టి ఉంది, ఎత్తేవాళ్ళు లేరు. మా ఇంట్లో ఉప్పూ పులుపూ తిన్నవాళ్ళు అందరూ అరుగుల మీద నిలబడి చూస్తున్నారు.

అత్త లేచింది. ఆడవాళ్ళు పాడె పట్టే ఆచారం మా ఇళ్ళల్లో లేదు. కొంగు మడిచి భుజం మీద వేసుకుని, పాడె కొమ్ము కింద వంగింది.

"ముక్కూమొకం తెల్వని కోతిని మోసిండు నా కొడుకు. కన్నదాన్ని, నేను మొయ్యనా?"

అరవలేదు, మామూలుగానే అన్నది. ముందు ఉస్తాద్ కదిలాడు. ఆయన వెనక మిల్లు వాళ్ళు ఇద్దరు వచ్చారు. పాడె లేచాక అరుగుల మీది మగవాళ్ళు ఒక్కొక్కరే దిగి, ఇటివ్వమ్మా, మేం పడతాం అంటూ దగ్గరికి వచ్చారు. శ్మశానానికి పోయే చాంద్రాయణగుట్ట దారిలో భుజాలు మారుతూనే ఉన్నాయి. అత్త తన కొమ్ము మాత్రం ఎవరికీ ఇవ్వలేదు.