మగ్గం పలక మీద లక్క మెరుపు

ఎదురింటి తలుపుకు పొద్దుటి నుంచి పాలిష్ పెడుతున్నారు. స్పిరిట్, లక్క కలిసిన ఆ ఘాటు వాసన గడప దాటి రాగానే నాకు మా అత్త బాలవ్వ చేతులు గుర్తుకొచ్చాయి. గరుకు చేతులు. కోపమూ గరుకే, కానీ పూట దాటి నిలిచేది కాదు.

నేను పంజాగుట్టలోని ఆ ఇంటికి కోడలిగా వచ్చేసరికి రెండో ప్రపంచ యుద్ధం నడుస్తోంది. వాళ్లది నేత కుటుంబం. మామగారు పోయాక మగ్గం విప్పేసి పట్నం చేరారు. మా ఆయన అమీర్‌పేటలో దర్జీ. సికింద్రాబాదులో ఒక సిపాయి చేతిలో గిటారు చూసి వచ్చాడు, ఇక ఆ పిచ్చి వదల్లేదు. తానే చేసుకుంటానన్నాడు. ముందు భాగానికి పెట్టె చెక్క దొరికింది. వెనక భాగానికి మంచి టేకు కావాలి. ఇంట్లో ఉన్న టేకల్లా మామగారు కూర్చుని నేసిన మగ్గం పలక ఒక్కటే. అత్త దాన్ని బియ్యం గోలెం వెనక దాచుకుంది. కొడుకుతో ఒక పూట మాటలు మానేసి, చివరికి తానే తెచ్చి ముందు పెట్టింది.

"ఖరాబు చేస్తే మీ నాయన నాకు మళ్ల దొరకడు," అని మాత్రం అన్నది.

గిటారు తయారయ్యింది. లక్క పూయడం దగ్గర అత్త అడ్డుపడింది. మగ్గం మీది నిలువు నూలుకు, పడుగుకు, గంజి పట్టించి నున్నగా దువ్విన చేయి తనకుండగా, ఆ చెక్క మీద ఇంకొకరి చేయి పడకూడదట. నేతవాళ్లు ఆ పని వేకువనే చేస్తారు, ఎండెక్కితే నూలు పెళుసెక్కి తెగుతుంది. అత్త అదే పద్ధతిలో, ముసురు పట్టిన ఒక వేకువన, దూదిని పాత పంచె గుడ్డలో మూటకట్టి లక్కలో ముంచి రుద్దింది. తెల్లారేసరికి టేకు మీద పాలమీగడలా తెలుపు కమ్మింది.

మా ఆయన గోడకు ఆనుకుని కూలబడ్డాడు. నేను గిటారును లోపలికి తీసి దాచబోయాను. పుట్టింట్లో గిన్నె సొట్టపోయినా చెంగు చాటున దాచడమే నాకు తెలిసిన విద్య. అత్త మాత్రం గిటారును నలుగురూ చూసే వాకిట్లో పెట్టి, కుర్చీలు చేసే వడ్రంగి దగ్గరికి నడిచి వెళ్లింది. నేనే చెడగొట్టాను, ఎలా తీయాలో చెప్పు అని తల వంచకుండా అడిగి వచ్చింది.

"చెక్క పోలే బిడ్డా," అన్నది కొడుకుతో. "నూలుకు తడి కావాలె, దీనికి వద్దు. నాకు తెల్వక పూసిన. ఎండ రానియ్యి, నేనే తీస్త."

ఎండ వచ్చాక ఉత్త స్పిరిట్ తడిపిన మూటతో అలవోకగా తుడుస్తుంటే తెలుపు కరిగి, కింద నుంచి టేకు ఎరుపు తేలింది. ఆ తర్వాత మిట్టమధ్యాహ్నాలే పని. పలచటి పొర మీద పొర, మా ముఖాలు కనిపించేదాకా.

మా ఆయన మొదటి తీగ మీటినప్పుడు అత్త వెనక పలక మీద అరచేయి పెట్టింది. లోపలి అదురు చేతికి తగలగానే కళ్లు మూసుకుంది.

"మీ నాయన మగ్గం మీద కూసున్నట్టే ఉన్నది," అన్నది. ముగ్గురమూ ఏడ్చాం.

చెడిన పనిని వాకిట్లో పెట్టే ధైర్యం నాకు అత్త ఇచ్చిందే. దానితోనే ఇంత సంసారం ఈదాను. ఇవాళ మబ్బు పట్టింది. ఎదురింటి అబ్బాయికి ఎండ వచ్చేదాకా ఆగమని చెప్పి వచ్చి, గోడ మీది గిటారు దించాను. నాకు వాయించడం రాదు. తీగ ఒకటి మీటి, వెనక అరచేయి ఆన్చాను. అప్పుడు అత్తకు మామగారొక్కరే తగిలారు. ఇప్పుడు నాకు మామగారు, అత్త, మా ఆయన, పోయిన ముగ్గురూ తగులుతారు.