పద్యం ముందా, వచనం ముందా

పాలిటెక్నిక్‌లో డిప్లొమా చేసి నేను కరీంనగర్‌లో ఒక డీటీపీ సెంటర్‌లో చేరేనాటికి, కంప్యూటర్ అంటే ఊళ్ళో పెళ్ళిపత్రికలు కొట్టే యంత్రం. పత్రికల మధ్య ఖాళీలో పుస్తకాలు కూడా వచ్చేవి: శతకాలు, బతుకమ్మ పాటలు, ఆసిఫాబాద్ అడవుల గురించి ఒక ఫారెస్టు ఉద్యోగి రాసుకున్న జ్ఞాపకాలు. అచ్చయ్యాక వాటిని చెరిపెయ్యడానికి నాకు చేతులు రాలేదు. రాసినవాళ్ళను అడిగి ఒక్కో ప్రతిని కంప్యూటర్‌లోనే దాచుకున్నాను. చూస్తుండగానే నాకొక సొంత గ్రంథాలయం ఏర్పడింది. బీరువా అక్కర్లేదు, చెదల భయం లేదు.

దానికోసం చిన్న ప్రోగ్రాం రాశాను. మీట నొక్కితే పుస్తకాల జాబితా తెరమీదకు వస్తుంది. ఏది ఎక్కడుండాలి, పేరు ఎట్లా కనబడాలి, ఏ రకం ముందు రావాలి అన్నవి మాత్రం విడిగా ఒక కాన్ఫిగ్ ఫైల్లో పెట్టాను. అందులో ఒక్క మాట మార్చి మళ్ళీ నడిపితే గ్రంథాలయమంతా సర్దుకుంటుంది. ఇంట్లో అట్టపెట్టెలో ఉన్న నా పుస్తకాలు ఇంత బుద్ధిగా ఎన్నడూ లేవు.

చిక్కల్లా ఏది ముందు అన్నచోటే. పెళ్ళిపత్రికలో ఎవరి పేరు ముందుండాలని వియ్యంకులు మా బల్ల ముందే అలగడం నేను చూస్తూనే ఉన్నాను. కవులు అంతకంటే సున్నితం. ధర్మపురి నుంచి వచ్చే రిటైర్డ్ తెలుగు సారు పద్యం తప్ప రాయరు. మెట్‌పల్లి సారు వచన కవిత తప్ప ఒప్పుకోరు. ఇద్దరూ తెరమీద తమ పుస్తకం చూసుకోవడానికే బస్సెక్కి వచ్చేవారు. అందుకని రెండు కాన్ఫిగ్ ఫైళ్ళు చేసి పెట్టుకున్నాను. ఒకదాంట్లో ‘ముందు: పద్యం’, ఇంకోదాంట్లో ‘ముందు: వచనం’. మెట్ల మీద చెప్పుల చప్పుడును బట్టి తగిన ఫైలు ఎక్కించేవాణ్ణి. ఇద్దరూ సంతోషంగా టీ తాగి పోయేవారు.

ఒకరోజు మా యజమాని, అందరూ సేటు అని పిలిచే మనిషి, తేల్చి చెప్పాడు. “డిస్కు నిండింది. ఎలక్షన్ పోస్టర్ల పనొస్తుంది. రేపటికల్లా గీ కవిత్వమంత తీసెయ్.”

సేటు వినేది పాత గిరాకీల మాట ఒక్కటే. వాళ్ళు చెబితే ఆగుతాడని ఇద్దరు సార్లకూ కబురు పంపాను, ఒకరిని పొద్దున, ఇంకొకరిని మధ్యాహ్నం రమ్మని. పొద్దున వచ్చిన ధర్మపురి సారు సేటుకు పద్యాలు వినిపిస్తూ మధ్యాహ్నమైనా లేవలేదు. మెట్‌పల్లి సారు లోపలికొచ్చి, పద్యం ముందున్న తెర చూశారు.

“గిదేంది తమ్మీ, పోయినసారి నేను ముందుంటి గద?”

“మీరెట్ల ముందుంటరు?” అన్నారు ధర్మపురి సారు. “నేనెప్పుడొచ్చినా నేనే ముందుంట. పద్యం ముందు గాక, సగంల ఇరిగిన లైన్లు ముందుంటయా?”

“మీ పద్యం అర్థమైతుందా అని మీ ఇంట్ల ఎవలనన్న అడిగిండ్రా?” అని మెట్‌పల్లి సారు నా వైపు తిరిగారు. “జర మల్ల చూపియ్యి.”

ఆయన గొంతు వినగానే నా వేళ్ళు అలవాటు ప్రకారం రెండో ఫైలు ఎక్కించేశాయి. వచనం టక్కున పైకొచ్చింది.

“ఓరి దొంగా!” అన్నారు ఇద్దరూ ఒక్కసారే. వాళ్ళిద్దరూ ఒక విషయంలో ఏకమవడం నేను చూసింది అదే మొదలు.

సేటు పగలబడి నవ్వాడు. “పరేషాన్ గాకుండ్రి సార్. రేపు అన్నీ పోతయ్. ముందూ లేదు, ఎనుకా లేదు.”

ఇద్దరూ చల్లబడ్డారు. ధర్మపురి సారు నా బల్ల దగ్గరికి కుర్చీ జరుపుకున్నారు. “నేను ముందున్నది నాకు ఫ్లాపీలల్ల ఎక్కించియ్యి. నాదొక్కటే గాదు, మొత్తం. ఎనుక ఎవలున్నరో గూడ కనబడాలె.”

“నాకు గూడ మొత్తం,” అన్నారు మెట్‌పల్లి సారు వెంటనే. “నేను ముందున్నది.”

సాయంత్రం దాకా ఫ్లాపీలు నింపుతూ కూర్చున్నాను. అవే పుస్తకాలు, తేడా ఒక్క మాట. మర్నాడు సేటు డిస్కు ఖాళీ చేయించాడు. నా గ్రంథాలయం మాత్రం ధర్మపురిలో ఒక ప్రతి, మెట్‌పల్లిలో ఒక ప్రతి భద్రంగా ఉండిపోయింది. రెండిళ్ళలోనూ కంప్యూటర్ లేదు. కాబట్టి ఎవరి స్థానాన్నీ ఎవరూ కదపలేదు.