నవలల పేర్ల వీధులు

అమెరికాలో క్యారీ అనే ఊళ్లో మేం అద్దెకున్న కాలనీలో వీధులన్నిటికీ పాత ఇంగ్లిష్ నవలల్లోని ఊళ్ల పేర్లు, బంగళాల పేర్లు పెట్టారు. ఎం.ఏ.లో నేను ప్రాణం పెట్టి చదివిన నవలలవి. ఇంగ్లండ్ వెళ్లి అసలు చోట్లు చూద్దామని అడిగినప్పుడల్లా మా ఆయనది ఒకటే మాట: "వీసా స్టాంపింగ్ ఎక్స్‌పైర్ అయింది, బయటికెళ్తే మళ్లీ రానిస్తారో లేదో! అయినా నీ ఊళ్లన్నీ ఇక్కడే ఉన్నాయిగా."

నాకు డ్రైవింగ్ రాదు. మెయిన్ రోడ్డుకి ఫుట్‌పాత్ లేదు. ఆయన ఆఫీస్‌కి వెళ్లాక ఆ వీధుల్లోనే తిరిగేదాన్ని. ఏ వీధిలోకి మళ్లినా నాలుగిళ్ల అవతల గుండ్రంగా మూసుకుపోయేది. మళ్లీ మా గరాజ్ ముందుకే రావాలి.

ఒకరోజు ఒక తెల్లావిడ కారు ఆపి, దారి తప్పావా అని జాలిగా అడిగింది. ఒళ్లు మండిపోయింది. తప్పిపోవాలన్నా ఇంకో దారంటూ ఉండాలి కదా!