సాంచాలు ఆగిన వాడలో పిల్లి

భూమి కదిలిన పొద్దున నేను నల్లా దగ్గర పళ్లు తోముకుంటున్నాను. పక్కన పెట్టిన చెంబు తనంతట తానే జానెడు జరిగింది. ఎవరో ఆట పట్టిస్తున్నారనుకుని చెంబునే తిట్టాను. కరీంనగర్ దిక్కు భూకంపమంటే టీవీలో చూసి అయ్యో పాపం అనుకునేదే తప్ప, మన చెంబు దాకా వచ్చేది కాదు. నోట్లో నురుగు ఉండగానే వీధంతా బయటికి ఉరికింది, నేనూ ఉరికాను. అప్పటికే అయిపోయింది. ఒక్క ఇల్లూ కూలలేదు, ఒక్క మనిషికీ దెబ్బ తగల్లేదు. చీలికలు మాత్రం ఇంటింటా పుట్టాయి. మా ఇంటి ఓనరు తన గోడ చీలికను నాకు చూపించి గుండెలు బాదుకున్నాడు. అందులో దుమ్ము పట్టిన సాలెగూడు ఉంది. "సాలీడు ఇంత జల్ది ఎట్ల కట్టిందో" అన్నాను. ఆయన ఆ రోజంతా నాతో మాట్లాడలేదు.

నేను పశువుల డాక్టర్ని. సొంతూరు ఆదిలాబాద్ దిక్కు. అక్కడ పత్తిచేలు, ఎడ్లు, మాటల్లో సగం మరాఠీ. ఉద్యోగం సిరిసిల్ల దిక్కు నేతపని ఊళ్లో. మా దగ్గర పండిన పత్తి ఇక్కడికొచ్చి బట్ట అవుతుందని, నేను మాత్రం ఇక్కడికొచ్చి ఏమీ కాలేదని మా అవ్వ దిగులు. ఎద్దు పొట్ట ఉబ్బినా, బర్రె ఈనలేక అవస్థ పడ్డా నాకు భయం లేదు. పిల్లుల్నీ కుక్కల్నీ తెచ్చేవాళ్లంటేనే భయం. రైతు తన ఎద్దు గురించి "మేత ముడ్తలేదు" అని ఒక్క ముక్క చెప్పి ఊరుకుంటాడు. కుక్కను పెంచినాయన గంటసేపు చెప్తాడు, అందులో కుక్క సంగతి ఎక్కడా ఉండదు.

ఆ పొద్దున దవాఖాన తలుపు తీసేసరికి గుమ్మం ముందు జాతరలా ఉంది. రోగాలకంటే గొప్పలు ఎక్కువ. ఊళ్లో ప్రతి జంతువూ భూకంపం సంగతి ముందే చెప్పిందట.

"మా మేక రాత్రంత ఒర్రింది మేడం, గప్పుడే అనుకున్న."

"మా కోడి పొద్దుగాల కూయనే కూయలే. నేను గూడ గప్పుడే అనుకున్న."

అరిచినవి అరిచి చెప్పాయి, అరవనివి అరవకుండా చెప్పాయి. నా నోరు అసలే మంచిది కాదు. "ముందే చెప్తే మరి మీకెందుకు సమజ్ కాలే?" అని కసిరాను. మేక పెద్దమనిషి ఏమాత్రం తొణక్కుండా, "మాకేమన్న గొడ్ల భాష అస్తదా? అది సదువుకున్నది మీరు" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు. మేక కూడా నన్నే చూస్తోంది.

మా వీధి రిటైర్డ్ సారు ఒక్కడే కుక్క లేకుండా వచ్చాడు. దొంగల్ని చీల్చి చెండాడుతుందని ఆయన చెప్పుకునే ఆ కుక్క, భూమి కదలగానే మంచం కింద దూరి ఇక రాలేదట. లాగితే ఆయన్నే కరవబోయిందట. "లాగకుండ్రి సార్. నీళ్లు పెట్టి, సప్పుడు జేయకుండ కూసోండ్రి. అదే వస్తది" అన్నాను. కాసేపటికి ఫోను చేశాడు, వచ్చిందని. ఇంకేం, నా వైద్యం మీద నాకే ముచ్చటేసింది. ఆ పూట ఎవరొచ్చినా అదే మందు. సప్పుడు చేయకండి. కుక్కకూ అదే, చిలక్కూ అదే. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లంటారు చూడండి, అట్లా.

అప్పుడే ఒకావిడ చంకలో గంప పెట్టుకుని జనాన్ని తోసుకుంటూ వచ్చింది. నాకు తెలిసిన మనిషే. పోయినేడు పిల్లికి సూది వేయించడానికి తెచ్చి, పిల్లి నన్ను గీరితే నన్నే తిట్టిపోయింది. నేతవాడలో ఉంటుంది, ఇంట్లో రెండు మరమగ్గాలు. మరమగ్గాన్ని అక్కడ సాంచ అంటారు. మగడు దుబాయికి పోయి రెండేళ్లు దాటింది. అప్పటినుంచి నూలు కండెలకు చుట్టేదీ, సాంచాలు నడిపేదీ ఆమే. గంప మీది పాతచీర తీస్తే లోపల నాలుగు పిల్లికూనలు. కళ్లయినా తెరవలేదు.

"భూమి అదరంగనే తల్లి ఉరికింది డాక్టరమ్మా. ఎటు వోయిందో కానస్తలేదు. ఇవి పొద్దటిసంది పాలు లేక ఒర్రుతున్నయ్."

కూనల్ని పట్టి చూశాను. అప్పటికే కాళ్లు చల్లబడుతున్నాయి. అంత పసివాటిని పైపాలతో నిలబెట్టడం ఎంత కష్టమో నాకు తెలుసు. సాయంత్రంలోగా తల్లి దొరక్కపోతే వీటి మీద ఆశ పెట్టుకోవద్దని ఆమెకు చెప్పాను. ఎప్పుడూ గలగలా వాగే మనిషి కొంగు నోట్లో కుక్కుకుంది. దవాఖాన కాంపౌండరుకు అప్పజెప్పి, ఆమెనూ గంపనూ స్కూటీ మీద ఎక్కించుకుని బయల్దేరాను.

ఆ వాడకు నేను ఎప్పుడు పోయినా చెవుల్లో దూది పెట్టుకోవాలనిపించేది. ఇంటింటా సాంచాలు, పొద్దస్తమానం టకటకా టకటకా. అక్కడివాళ్లు గుసగుసలు కూడా అరిచే చెప్పుకుంటారు. ఆ రోజు భూమి కదలగానే కరెంటు తీసేశారు. నేను పోయేసరికి కరెంటు వచ్చింది, ఒకరిద్దరు సాంచాలు నడపబోతున్నారు. నేను చేతులు అడ్డం పెట్టి ఆపేశాను. "పిల్లి బెదిరి ఉన్నది. వాడంత సప్పుడు బంద్ పెట్టాలె" అని హుకుం. వాళ్లు మారుమాట లేకుండా విన్నారు. నా మీద గౌరవమనుకున్నాను. నిజానికి మళ్లీ అదురుతుందేమోనని లోపలికి పోవడానికి అందరికీ భయంగా ఉంది, నేనొక మంచి సాకుగా దొరికాను.

వాడ మొత్తం మూగబోయింది. మేం దూలాలు, అటకలు, నూలు మూటల వెనక, మోరీల్లో వెతుకుతున్నాం. ఎవరో ఎండుచేపలు తెచ్చి గుమ్మంలో పెట్టారు. వాడలో ఉన్న పిల్లులన్నీ వచ్చి తిని మూతులు తుడుచుకుని పోయాయి, మా పిల్లి తప్ప.

ఇంతలో పక్కవాడ నుంచి తలకు రుమాలు చుట్టుకుని ఒక పెద్దాయన వచ్చాడు. వెనకాల ఇంకో నలుగురైదుగురు. అందరి మొహాలూ వేలాడుతున్నాయి. పెద్దాయన చేతిలో బంతిపూల దండ.

"ఎవలు సచ్చిండ్రు?" అన్నాడు మెల్లగా.

నాకేమీ అర్థం కాలేదు. పక్కింటామె చెప్పింది. ఆ ఊళ్లో ఎవరైనా కాలం చేస్తే ఆ వాడ సాంచాలన్నీ ఆపేస్తారట. పీనుగు వాడ దాటేదాకా, సాంచలో నూలు పట్టుకుని అటూ ఇటూ ఉరికే నాడె ఒక్కటి కూడా కదలదట. అందుకని ఎవరూ కబురు పెట్టక్కర్లేదు. ఒక వాడలో సప్పుడు ఆగిందంటే చాలు, మిగతా వాడలు దండలు తెచ్చుకుంటాయి.

"ఎవలు సావలే తాతా, పిల్లి కోసం బందువెట్టినం" అన్నారు.

"పిల్లికా!" తాత నన్ను కిందికీ మీదికీ చూశాడు. "గీ మేడం ఏ ఊరామె?"

ఆదిలాబాద్ అంటే, అందుకేనన్నట్టు తలూపాడు. తెచ్చిన దండ ఇంటికి తీసుకుపోతే బాగుండదు, ఇక్కడ వేయడానికి మనిషి లేడు. ఆయన దాన్ని చేతిలో పట్టుకుని అటూ ఇటూ తిప్పుతూ నిలబడ్డాడు. చివరికి ఒక మేక వచ్చి ఆ చిక్కు విప్పింది, పూలతో సహా.

మధ్యాహ్నం దాటింది. సూది లేని సిరంజితో పాలు పట్టబోతే కూనలు మొహం తిప్పుకున్నాయి. ఒక కూన అరవడం మానేసింది. దాన్ని నా అరచేతుల మధ్య పెట్టుకుని వేడి చేస్తూ కూర్చున్నాను. హాస్యమంతా ఎటో పోయింది. పెద్ద డాక్టర్నని వచ్చి వాడ నోరు మూయించడం తప్ప నేను చేసిందేమీ లేదని నా మీద నాకే మండింది.

గంప తెచ్చినామె తన సాంచ పక్కన నేల మీద కూలబడింది. "ఇది నా పిల్లి గాదు డాక్టరమ్మా. గాయినది" అంది. "వానల తడుస్తుంటే అంగీ జేబుల పెట్టుకోని తెచ్చిండు. గీ సాంచ కిందనే పెరిగింది. దుబాయి వోయేటప్పుడు నేనచ్చేదాక దీన్ని జూసుకో అన్నడు. నన్ను జూసుకొమ్మని మాత్రం ఎవలకు చెప్పలే. రోజు ఫోను జేస్తే ముందుగాల పిల్లిని సూపియ్యాలె, అటెనుక నేను. ఎన్ని తిట్టిన్నో దాన్ని. ఇప్పుడు గాయినకేం జెప్పాలె?"

పిల్లి శాపాలకు ఉట్లు తెగవంటారు. మనిషి శాపాలకు పిల్లులూ పోవని చెప్పబోయాను. ఆమె ఏడుస్తోంది, ఊరుకున్నాను.

ఫోను మోగింది. వీడియో కాల్. ఆమె గబగబా మొహం తుడుచుకుంది. తెర మీద ఎర్ర టోపీ, పసుపు జాకెట్, ఎండకు మాడిన మొహం. పనిలోంచే చేస్తున్నాడు.

"భూకంపమచ్చిందట గదనే? అందరు మంచిగున్నరా?"

"మంచిగనే ఉన్నం. ఏం గాలే."

ఆయన పిల్లిని అడుగుతాడని ఆమె ఊపిరి బిగబట్టింది. నేనూ బిగబట్టాను. ఆయన అడగలేదు. చెవి ఫోనుకు ఆనించినట్టున్నాడు, తెర నిండా చెవే కనబడింది.

"సప్పుడేది?"

ఆమె ఆగి ఉన్న సాంచాల వైపు చూసింది.

"సాంచాల సప్పుడు రాదేంది? ఎవలు సచ్చిండ్రు?"

"ఎవలు సావలే..."

"ఒట్టిగ చెప్పకు. పగటీలి వాడంత బందెందుకున్నది? అవ్వకేమన్న అయిందా? తమ్మునికా? నా రూముల ఉండేటోనికి గూడ గిట్లనే అందరు మంచిగున్నరని చెప్పిండ్రు. వాని బాపును కాలవెట్టినంక పది దినాలకు ఎరుకైంది. నా తాన దాస్తున్నరు మీరు."

"నీ మీద ఒట్టు, అందరున్నరు."

"గట్లయితే సాంచాలెందుకు బందున్నయే!"

ఆయన అంత దూరాన, ఎండలో, టోపీ తీసి మోకాళ్ల మీద కూర్చున్నాడు. పిల్లి గురించి చెప్పినా నమ్మే స్థితిలో లేడు. పిల్లి కోసం వాడ ఆగిందంటే ఎవరు నమ్ముతారు? ఆమె ఫోను నా రెండో చేతిలో పెట్టి దిగ్గున లేచింది. గోడ మీది స్విచ్చు వైపు పోతోంది.

"ఆగు ఆగు, పిల్లి బెదురుతది!" అని అరిచాను.

"పిల్లి బెదిరితే బెదురనియ్యి" అంది వెనక్కి చూడకుండా. "మనిషి బెదురుతున్నడు."

రెండు సాంచాలూ ఒక్కసారే లేచాయి. టకటకా టకటకా. ఆ సప్పుడు విని పక్కిల్లు తన సాంచ నడిపింది, దాని పక్కది నడిపింది, ఊపిరి పీల్చేంతలో వాడంతా మోగింది. నేను ఫోనును సాంచ వైపు తిప్పి పట్టుకున్నాను. తెర మీది మనిషి కళ్లు మూసుకుని వింటున్నాడు.

అప్పుడు నా తల మీద ఏదో రాలింది. దుమ్ము. మళ్లీ అదిరిందనుకుని గుమ్మంలోకి దూకాను. చూస్తే రేకులకూ గోడకూ మధ్య సందులోంచి, నేను టార్చి వేసి మరీ ఏమీ లేదని తేల్చిన సందులోంచి, ఒక ఎర్రబొచ్చు కాలు దిగింది. తరవాత ఇంకో కాలు. పిల్లి గోడ పట్టుకుని దిగి, ఒళ్లు విరుచుకుని, సంతకు పోయి వచ్చినదానిలా నా ముందు నుంచే నడిచి గంపలోకి ఎక్కింది. కూనల్ని ఒక్కొక్కదాన్నీ నాకింది. నా చేతిలోని కూనను దాని పొట్ట దగ్గర పెట్టాను. ముందు కదల్లేదు. తల్లి రెండుసార్లు గట్టిగా నాకేసరికి మూతి చాపి పాలు పట్టుకుంది.

సాంచ కింద పెరిగిన పిల్లి అది. భూమి అదిరినప్పుడు కాసేపు బెదిరి ఉంటుంది. ఆ తరవాత పొద్దంతా దాన్ని బెదిరించింది నేనే. దాని బతుకులో అలవాటే లేని నిశ్శబ్దం తెచ్చి పెట్టి, ఇంక రా రా అని పిలిచాను. నాకు నవ్వాగలేదు. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాను.

ఆమె పిల్లిని తిట్టడం మొదలుపెట్టింది. దొంగమొకందానా, పిల్లల్ని ఇడిచిపెట్టి పోతవా అని సాంచాల మోతను మించి తిడుతూనే, చీరకొంగుతో దాని ఒంటి మీది దుమ్ము దులుపుతోంది. నా చేతిలోంచి ఫోను గుంజుకుని పిల్లినీ కూనల్నీ చూపించి, జరిగిందంతా అరిచి చెప్పింది. ఆయన నవ్వుతూ ఏడ్చాడో, ఏడుస్తూ నవ్వాడో.

"ఫోను పెట్టెయ్యకే. గా సాంచ కాడ పెట్టు, జరసేపు సప్పుడు ఇంట" అన్నాడు.

ఆమె ఫోనును సాంచ పక్క కిటికీలో నిలబెట్టింది. పోబోయి, మళ్లీ వంగి తెరకు మొహం దగ్గరగా పెట్టింది.

"ఇను, మంచిగ ఇను. సప్పుడిని పిల్లి ఇల్లు చేరింది. నువ్వు రెండేండ్ల సంది ఉత్తగ ఇనుకుంటనే ఉన్నవ్."