పెరుగుతూ పోయిన బొట్టుబిళ్ల

ఆ రోజుల్లో నారాయణఖేడ్‌లో ఆడవాళ్లందరం కుంకుమే పెట్టుకునేవాళ్లం. స్టిక్కర్ బొట్లు మా అంగట్లోకి కొత్తగా వచ్చినప్పుడు, ఆ బొట్ల అట్ట కొనుక్కున్న పిల్ల నడకే మారిపోయేది. చెమటకు కారదు, ముక్కుమీద రాలదు, రాత్రి తీసి అద్దానికి అంటిస్తే పొద్దున మళ్లీ నుదుటికి ఎక్కుతుంది. అంతకు మించిన నాగరికత లోకంలో ఉండదనుకున్నాను. (నాకప్పుడు లోకమంటే బస్ డిపో దాకానే.) పదో తరగతి అయిపోయి, ఆ డిపో దగ్గరే మిషనక్క దుకాణంలో జాకెట్లు కుట్టడం నేర్చుకుంటున్నాను. మా వాడలో అందరికంటే ముందు కుట్టుమిషన్ కొన్నందుకు ఆమెకు ఆ పేరు పడింది.

స్టిక్కర్ పెట్టుకోవడం మొదలుపెట్టిన కొన్నాళ్లకే దాని కింద దురద మొదలైంది. తీసి చూస్తే ఎర్రగా, చిన్న చిన్న పొక్కులతో గుండ్రటి మచ్చ. తెలివైనదాన్ని కదా, దాన్ని కప్పేంత పెద్ద బొట్టు కొన్నాను. మచ్చ ఆ బొట్టు దాటి బయటికొచ్చింది. ఇంకా పెద్దది కొన్నాను. అలా మచ్చా నేనూ పంతానికి పోయాం. ఎవరి కంటా పడకూడదని రాత్రిళ్లు కూడా తీయడం మానేశాను. సెనగగింజంతగా మొదలైన బొట్టు చివరికి రూపాయి బిళ్లంత అయింది.

ఇదంతా సోకు కోసమే చేశాననుకోకండి. మా వీధి మొదట్లో గోడమీద పెద్ద అక్షరాలతో రాసి ఉండేది: ఒంటిమీద మచ్చ ఉండి స్పర్శ లేకపోతే అది కుష్ఠు కావచ్చు, వెంటనే ఆసుపత్రికి రండి, మందులతో నయమవుతుంది అని. భయంతో నేనప్పుడు కుష్ఠు అన్న మాట దాటి చదవలేదు. ఆ జబ్బు పేరెత్తితేనే జనం దూరం జరిగే కాలమది. నన్నూ అలాగే దూరం పెడతారని, మా నాన్నను కన్న బాపమ్మ పక్కన పడుకోనివ్వరని నా భయం. స్పర్శ ఉందో లేదో తేల్చుకుందామని దుకాణంలో ఎవరూ లేనప్పుడు గుండుసూదితో మచ్చమీద పొడుచుకుని, ప్రాణం పోయినట్టు అరిచాను. స్పర్శ పుష్కలంగా ఉంది. అయినా భయం పోలేదు. సరైన చోట పొడవలేదేమో అనుకున్నాను.

ఇంతలో ఊరు నా నుదుటిని మరోలా అర్థం చేసుకుంది. ముందు మా బాపమ్మ మురిసిపోయింది. "పోరికి భక్తి కుదిరింది. ఎంత నిండుగ పెట్టుకుంటుందో సూడుండ్రి" అని వాడంతా చెప్పింది. తర్వాత, జాకెట్ కుట్టించుకోవడానికి మనూర్ నుంచి వచ్చిన ఒకామె నన్ను తేరిపార చూసి, చెప్పులు బయట విడిచి లోపలికొచ్చి చేతులు జోడించింది.

"తల్లీ, మా బర్రె ఎప్పుడు ఈనుతది?"

"నాకేమెర్క?" అన్నాను.

"గట్లనకు తల్లీ. శాన పరేషాన్ల ఉన్న."

వదిలించుకోవడానికి "మంగళారం" అన్నాను. ఆ బర్రెకు నామీద ఏం కోపమో, సరిగ్గా మంగళవారమే ఈనింది. తర్వాతి అంగడి రోజున ఆమె జున్నుపాలతో పాటు తన ఊరి ఆడవాళ్లను కూడా వెంటబెట్టుకొచ్చింది. ఒకామెకు కోడలి సంగతి కావాలి, ఇంకొకామెకు వాన సంగతి. "ఇగ జాకెట్లు నేనే కుట్టుకుంట, నువ్వు పీటేసుకొని కూసో" అని మిషనక్క పళ్లు కొరికింది. నేను అందరికీ భయపడకండి, మంచే జరుగుతుందని చెప్పి పంపించాను. (జున్ను మాత్రం చాలా బాగుంది.)

ఒకరోజు పొద్దున లేచేసరికి నా కుడికన్ను తెరుచుకోలేదు. నుదురు ఉబ్బింది, రెప్పలు వాచాయి, బొట్టు అంచులనుంచి రసి కారుతోంది. బాపమ్మ కంగారుగా చెయ్యి చాపింది. నేను గోడకు అతుక్కుపోయి, "ముట్టకే! నాకు గోడమీద రాసిన జబ్బొచ్చింది" అని ఏడ్చేశాను. ఆమె నా తల ఒళ్లోకి లాక్కుని, కొంగుతో ఆ రసి తుడిచింది.

"అయితేంది? నువ్వు నా పిల్లవు గాకపోతవా? లే, జల్దీ దవాఖానకు పోదాం."

దవాఖానలో డాక్టరమ్మ మొట్టమొదట ఆ బొట్టు ఊడదీయించింది. నా భయమేంటో విని, దూదితో ముట్టి స్పర్శ ఉందో లేదో చూసి, "నువ్వనుకునే జబ్బు కాదు. ఒకవేళ అదే అయినా మందుంది, దాచుకునేది కాదు" అంది. బొట్టు వెనకున్న బంక నాకు పడలేదట. "దురద మొదలైనప్పుడే తీసేస్తే ఇంతదాకా వచ్చేదే కాదు. తీసినా తగ్గకపోతేనో, పెరుగుతూ పోతేనో అప్పుడే రావాలి. కంటిదాకా వాచేవరకు ఆగుతారా ఎవరైనా?" అని కోప్పడింది.

నాకు బదులు బాపమ్మే జవాబిచ్చింది. "ఇన్నొద్దులు మా పిల్ల దేవతమ్మా. దేవతలకు దవాఖాన ఏంది?"

పూతమందుతో, మాత్రలతో వాపు తగ్గింది, మెల్లగా మచ్చా పోయింది. నా మహిమ అంతకంటే ముందే పోయింది. ఇప్పుడు అప్పటి ఆ పిల్లను, అంటే నన్నే, తలచుకుంటే నవ్వొస్తుంది, కొంచెం జాలీ వేస్తుంది. ఊరి ఆడవాళ్లందరికీ భయపడకండని చెప్పింది గానీ, తన భయం ఇంట్లో ఒక్కరికి చెప్పుకోలేకపోయింది. చెప్పి ఉంటే బాపమ్మ చెయ్యి మచ్చ కనబడ్డ రోజే దాని నుదుటిమీద పడేది.