నాన్న తారు పూసిన టెలిస్కోపు

మా చిన్నప్పుడు... కళింగపట్నంలో తారు పూయని వస్తువు ఉండేది కాదు. ఉప్పుగాలికి ఆగాలంటే తెప్పకైనా తలుపుకైనా తారే మందు. సైన్సు మాస్టారు ఇచ్చిన అద్దాలు ప్లాస్టిక్ గొట్టానికి బిగించి నేను టెలిస్కోపు చేసుకుంటే, నాన్న మురిసిపోయి దానికీ నల్లగా తారు పూసేశాడు.

"ఇంక దీనికి సావు లేదే అమ్మీ" అన్నాడు.

ఒకరోజు నాన్న, చిన్నాన్న వేటకెళ్లిన తెప్ప మధ్యాహ్నమైనా రాలేదు. ఎండ కాస్తూనే ఉంది, అలలు మాత్రం ఎగసిపడుతున్నాయి. వెతకడానికి ఒడ్డున మరో తెప్ప సిద్ధంగా ఉంది... ఎటు వెళ్లాలో ఎవరికీ తెలియదు.

"నీ గొట్టం తెచ్చి సూడే. మీ నాన్న ఏ పక్కనున్నాడో సూడు" అంది అమ్మ.

పొద్దుటి నుంచీ అది అరుగు మీద ఎండలోనే ఉంది. ముట్టుకుంటే చెయ్యి చుర్రుమంది. కన్ను పెడితే సముద్రమంతా ఎసరులా మరుగుతోంది. నల్లటి గొట్టం ఎండని తాగేసి లోపలి గాలిని కాచేసిందని తర్వాత మాస్టారు చెప్పారు.

"ఏటి కనబడతాదే?"

"ఏటీ కనబడదమ్మా..."

అమ్మ చేపల ఐసుపెట్టె విరిచింది. చేపల్ని చల్లగా ఉంచేది గొట్టాన్ని చల్లబరచదా అని, ఆ థర్మాకోల్ ముక్కలు చుట్టూ కట్టేసింది. అది లోపలి వేడిని కూడా బయటికి పోనివ్వదని మాకేం తెలుసు... అరగంట అలా కూర్చున్నాం. చివరికి ఏడుస్తూ అవన్నీ పీకేసి, కొంగు తడిపి చుట్టింది. కాసేపటికి బొమ్మ నిలిచింది.

నా గొట్టంలో అన్నీ తలకిందులుగా కనిపించేవి. మా తెప్ప తిన్నగా కనబడింది. అంటే బోల్తా పడిందన్నమాట. అటుకేసి వేలు చూపించి అరిచాను.

నాన్నని తెచ్చారు. చిన్నాన్నని తేలేదు.

"ఇప్పటిదాకా పట్టుకునే ఉన్నాడే... ఇప్పుడే సెయ్యి జారిపోనాది" అన్నాడు నాన్న.

కర్మలు అయ్యాక నాన్న తారంతా గీకేసి, గొట్టానికి తెల్లరంగు వేసి నీడలో వేలాడదీశాడు.

ఇప్పుడు తెప్పల్లో జీపీఎస్, చేతుల్లో ఫోన్లు... ఎవరెక్కడున్నారో ఇంట్లోంచే తెలుస్తోంది. నేను మాత్రం నల్లటిదేదైనా ఎండలో కనబడితే ఇప్పటికీ నీడలోకి జరుపుతాను. మీకూ ఇలాంటి అరగంట ఒకటి ఉంటే రాయండి... నాది ఇంకా గడవలేదు.